పిల్లల ఫోర్ట్ కిట్ రివ్యూ: సగం పెట్టెలో వస్తుంది, మిగతా సగం మన బీరువాలో ఉంటుంది

వేసవి సెలవులు దగ్గరపడేసరికి తెలిసినవాళ్ళు చాలామంది అడుగుతున్నారు, మీ హాల్లో పిల్లలు కడుతున్న ఆ కర్రల ఇల్లు ఏంటి, కొనొచ్చా, నాలుగు రోజులు ఆడి మూల పడేస్తారా అని. ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడ వివరంగా రాస్తున్నా. అది ఫోర్ట్ కిట్, అంటే ప్లాస్టిక్ గొట్టాల్ని బంతులతో కలిపి పిల్లలు తాము దూరేంత చిన్న ఇల్లో కోటో కట్టుకునే సామాను. తీర్పు ముందే చెప్పేస్తాను. ఐదేళ్ళు దాటిన పిల్లలున్న ఇంట్లో, ముఖ్యంగా ఇద్దరు ముగ్గురు కలిసి ఆడే ఇంట్లో, ఇది పెట్టిన డబ్బుకి న్యాయం చేసే వస్తువు. మూడేళ్ళ పిల్లాడు ఒక్కడే ఉన్న ఇంటికైతే వద్దు. ఇంకొకటి, ఇది కొనే స్తోమత లేకపోయినా, కొనాలని లేకపోయినా ఆట ఏమీ ఆగదు, పాత చీరలూ బట్టల క్లిప్పులూ ఉంటే ముప్పావు వంతు పని అయిపోతుంది. ఆ సంగతి కూడా రాస్తాను, ఎందుకంటే అసలు విషయం కిట్ కాదు, పిల్లలు తమ చేతులతో తాము దూరే చోటు కట్టుకోవడం.

బ్రాండ్ పేరు రాయట్లేదు. ఇవే ముక్కలు రకరకాల పేర్లతో అమ్ముతున్నారు, కర్రలూ బంతుల అమరిక అన్నిట్లో దాదాపు ఒకటే.

పెట్టెలో ఏముంటుందంటే, జానెడున్నర పొడవున్న ప్లాస్టిక్ గొట్టాలు ఒక కట్ట, చుట్టూ రంధ్రాలున్న బంతులు ఇంకో కట్ట, ఒక పల్చటి సంచి, బొమ్మలున్న కాగితం. గొట్టం కొసని బంతి రంధ్రంలోకి నొక్కితే బిగుసుకుంటుంది, అంతే, మేకుల్లేవు, జిగురు లేదు. పెట్టె మీద ఫొటోలో రంగురంగుల దుప్పటి కప్పిన కోట ఉంటుంది కానీ లోపల దుప్పటి రాదు, అది మనమే వేసుకోవాలి. ఇది తెలియక కొన్నవాళ్ళు రివ్యూల్లో ఒక్క స్టార్ ఇచ్చి తిట్టుకుంటున్నారు. పెట్టె వెనకాల చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, కొనేముందు చదువుకోండి. దాంతోపాటు ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో తప్పకుండా చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకి ఆ గుర్తు తప్పనిసరి చేశారు. రోడ్డు పక్కన బుట్టలో పోసి అమ్మే వాటిలో చాలావాటికి అది కనపడదు. గొట్టం కొస పదునుగా ఉందా, వంచితే తెల్లటి గీత పడుతోందా అని చేత్తో పట్టుకుని చూసి కొనగలిగితే ఇంకా మంచిది.

కొత్తలో చాలా బిగుతుగా ఉంటాయి. మా పాపకి ఎనిమిదేళ్ళు, బంతిని నేలకి ఆనించి ఒళ్ళంతా బరువు పెట్టి నొక్కితే గానీ గొట్టం దిగేది కాదు. బాబుకి ఐదు, వాడి చేతుల్లో ఆ బలం లేదు. వాడు బంతులు రంగుల వారీగా వేరుచేసి అందించే పనిలో కుదిరాడు, ఆ పని వాడికి ఎవరూ చెప్పలేదు. వాడకం మీద రంధ్రాలు కాస్త వదులై ఇప్పుడు వాడు కూడా పెట్టగలుగుతున్నాడు. తీసేటప్పుడు మాత్రం గొట్టాన్ని పక్కకి వంచి లాగితే రంధ్రం అంచు పగులుతుంది, తిప్పుతూ నిటారుగా లాగాలి. మాకు కొన్ని బంతులు అలాగే పోయాయి. విడిగా బంతులు మాత్రమే అమ్మితే బాగుండేది, చాలా కంపెనీలు అమ్మట్లేదు.

ఇప్పుడు అసలు లోపం. కాగితంలో చూపించినట్టు నాలుగు పలకల డబ్బా కట్టి, దాని మీద ఇంకో అంతస్తు లేపి, పైన దుప్పటి వేయగానే మొత్తం మెల్లగా ఒక పక్కకి ఒరుగుతుంది. ఏ ఇంట్లో కట్టినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే చతురస్రానికి తనంతట తాను నిలబడే గుణం లేదు, మూలల దగ్గర గట్టి పట్టు లేకపోతే నొక్కగానే వాలిపోతుంది. త్రిభుజం అలా కాదు, మూడు పక్కల పొడవులు ఖాయమైతే ఆకారం కూడా ఖాయమైనట్టే. సరే, మూల నుంచి మూలకి ఏటవాలుగా ఒక గొట్టం పెడదామంటే పెట్టెలో గొట్టాలన్నీ ఒకటే పొడవు. చతురస్రం కర్ణం దాని భుజానికి సుమారు 1.414 రెట్లు ఉంటుంది, అంటే జానెడున్నర గొట్టానికి రెండు జానలు దాటిన గొట్టం కావాలి. అలాంటివి ఓ ఎనిమిది ఇచ్చి ఉంటే ఈ కిట్ ఎక్కడికో వెళ్ళేది. తయారుచేసేవాళ్ళకి తెలియని విషయం కాదిది, ఒకే అచ్చులో అన్నీ పోస్తే ఖర్చు కలిసొస్తుంది కాబట్టి అలా వదిలేశారనుకుంటా. దీనికే నేను మార్కులు తగ్గిస్తున్నాను.

కానీ ఆ ఒరగడం వల్లే మా ఇంట్లో ఆట మొదలైంది. మా ఆడపడుచు కొడుకు సెలవులకి వచ్చాడు, వాడు ఐదో తరగతి. ఒరిగిన డబ్బాని చేత్తో నిలబెట్టి, వదిలి, మళ్ళీ నిలబెట్టి, వంటింట్లోకొచ్చి "అత్తా, పురికొస ఉందా?" అన్నాడు. పై మూల నుంచి కింది మూలకి ఏటవాలుగా లాగి కట్టాడు. ఎడమకి ఒరగడం ఆగింది. కుడికి తోస్తే మళ్ళీ ఒరిగింది. మా పాప పక్కనే కూర్చుని చూస్తోంది, "బావా, అటు కూడా కట్టు" అంది. రెండో తాడు అడ్డంగా వేసేసరికి ఇంటూ గుర్తులా అయ్యింది, డబ్బా ఇక ఎడమకీ కుడికీ ఒరగలేదు. ముగ్గురూ దాన్ని ఆ రెండు వైపుల నుంచీ తోసి తోసి చూశారు. తాడు లాగితే పట్టుకుంటుంది కానీ నెడితే వంగిపోతుంది, అందుకే రెండు వైపులా వేయాలి. ఈ ముక్క పదో తరగతి పిల్లలకి బోర్డు మీద చెప్తే సగం మందికి ఎక్కదు, వీళ్ళు చేత్తో తోసి తెలుసుకున్నారు. కొవ్వూరు, రాజమండ్రి మధ్య గోదావరి మీద 1974లో ప్రారంభమైన రోడ్డు-రైలు వంతెన మీద రైల్లో వెళ్ళినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, కిటికీ పక్కన ఇనుప త్రిభుజాలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. బరువు మోసే కిటుకు అదే.

ఆ తర్వాత బొమ్మల కాగితాన్ని వాళ్ళు మళ్ళీ ముట్టుకోలేదు. ఈ కిట్‌తో పోలిస్తే రెడీమేడ్ బొమ్మలు ఎందుకు తొందరగా బోర్ కొడతాయో అప్పుడు అర్థమవుతుంది. బ్రిటన్‌కి చెందిన సైమన్ నికల్సన్ అనే శిల్పి 1971లో ఒక వ్యాసంలో దీన్నే చెప్పాడు, ఒక చోట విడి భాగాలు ఎన్ని ఎక్కువ ఉంటే అక్కడ పిల్లలు కొత్తగా ఆలోచించే వీలు అంత ఎక్కువ అని. కదిలేవి, మార్చుకోగలిగేవి, ఒకే పనికి కట్టుబడనివి. మా హాల్లో గొట్టం నిన్న గోడ, ఇవాళ గొట్టపు బావి, సాయంత్రానికి సినిమా టికెట్ కౌంటర్‌లో అడ్డకర్ర. బ్యాటరీ బొమ్మ కారు ఎప్పటికీ కారే.

దుప్పటి విషయం ప్రత్యేకంగా రాయాలి, కిట్ కన్నా దీని మీదే ఆట ఆధారపడి ఉంది. డబుల్ కాట్ బెడ్‌షీట్ వేస్తే బరువుకి కప్పు మధ్యలో కుంగిపోతుంది, బొంతలూ రగ్గులూ అసలు పనికిరావు. మా అత్తయ్యగారు బీరువాలోంచి పాత నేత చీరలు తీసిచ్చారు. మెత్తబడిపోయిన నూలు చీర, బరువుండదు, గాలి ఆడుతుంది, లోపలికి వెలుతురు రంగు పూసుకుని వస్తుంది. పైగా ఐదున్నర మీటర్ల పొడవు కాబట్టి ఒక్క చీర గోడా కప్పూ రెండూ అవుతుంది. పాలిస్టర్, జార్జెట్ జారిపోతాయి, లోపల ఉక్కపోత. పట్టుకోవడానికి బట్టల క్లిప్పులు కావాలి, చెక్కవి కన్నా స్ప్రింగ్ గట్టిగా ఉన్న ప్లాస్టిక్ క్లిప్పులు గొట్టం మీద బాగా కూర్చుంటాయి. చిన్నపిల్లలకి ఆ క్లిప్ నొక్కి తెరవడమే పెద్ద పని, బొటనవేలికీ చూపుడువేలికీ మంచి వ్యాయామం. పెన్సిల్ సరిగా పట్టుకోవట్లేదని బాధపడే తల్లిదండ్రులు రోజూ చేతిరాత కాపీలు రాయించే బదులు పిల్లల చేతికి ఓ డజను క్లిప్పులిచ్చి చీర బిగించమనండి.

మా అత్తయ్యగారి మాట కూడా చెప్పాలి. మొదట్లో ఆవిడ "ఇల్లంతా సంతలా చేస్తున్నారు" అన్నారు. చీరలిచ్చాక ఆవిడే లోపల కూర్చోవడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు నులకమంచాన్ని నిలబెట్టి పక్కన చాప ఆనించి ఇల్లు కట్టుకునేవాళ్ళమని, గడ్డివాములో దొలిచి దూరి అమ్మ పిలిచినా పలికేవాళ్ళం కాదని, కొబ్బరి మట్టలతో వాకిట్లో పందిరి వేసి గుజ్జనగూళ్ళు వండేవాళ్ళమని వాళ్ళకి చెప్తుంటారు. పిల్లలకి ఆ కథలు ఎక్కడో జరిగినవి కాదు, వాళ్ళు కూర్చున్న చోటికి సంబంధించినవి, అందుకే ప్రశ్నలు అడుగుతారు. మంచం ఎలా నిలబెట్టారు నానమ్మా, పడిపోదా? మట్ట ముడి ఎలా వేస్తారు?

ఇక అందరూ అడిగేది, ఫోన్ చూడటం తగ్గిందా అని. తగ్గింది. ఎంత తగ్గింది, ఎప్పుడు తగ్గింది అన్నది కొంచెం విడమరిచి చెప్పాలి. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా పిల్లల్ని బయటికి పంపలేం, ఎండ 40 దాటుతుంది. ఆ మూడు గంటలే అసలు సమస్య, ఆ టైంలోనే టీవీ, ట్యాబ్ మొదలవుతాయి, ఒకసారి మొదలైతే రాత్రి అన్నాల దాకా లాగుతాయి. ఈ ఆట సరిగ్గా ఆ మూడు గంటల్ని తినేస్తుంది. కట్టడానికి గంట, పోట్లాడుకోవడానికి అరగంట, లోపల సామాన్లు సర్దుకోవడానికి ఇంకో గంటన్నర. ఆడటం ఎప్పుడు అని అడుగుతారేమో, అదంతా ఆటే. పొద్దున కార్టూన్, రాత్రి కాసేపు టీవీ మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పేది రెండేళ్ళలోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దు, రెండు నుంచి ఐదేళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించొద్దు, ఐదు నుంచి పదేళ్ళ వాళ్ళకి రెండు గంటల లోపు ఉంచండి అని. సెలవుల్లో ఆ లెక్క లోపల ఉండటం కష్టమని పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు. ఫోన్ లాక్కుని ఖాళీగా కూర్చోబెడితే ఏడుపే వస్తుంది, ఆ చేతులకి వేరే పని ఉండాలి.

ఒక్క కండిషన్ మాత్రం మొదటి రోజే పెట్టాలి. లోపలికి ఫోన్ వెళ్ళకూడదు. వెళ్ళిందంటే అది చీకట్లో పడుకుని వీడియోలు చూసుకునే గుహ అయిపోతుంది, కళ్ళకి ఇంకా చేటు. దాని బదులు ఒక టార్చ్ ఇవ్వండి. టార్చ్ ఇచ్చారంటే చాలు, నీడలతో బొమ్మలు, దొంగా పోలీసు, దెయ్యం కథలు, ఆఖరికి కథల పుస్తకం చదవడం కూడా. మా పాప క్లాసు పుస్తకం తప్ప ఇంకేదీ ముట్టుకునేది కాదు, టార్చ్ వెలుగులో తమ్ముడికి చదివి వినిపించడం మాత్రం గొప్పగా ఉంది దానికి.

పోట్లాటల గురించి. ఉంటాయి, భయపడొద్దు, పరుగెత్తుకెళ్ళి తీర్పు చెప్పొద్దు. మా వాళ్ళకి పెద్ద గొడవ తలుపు ఎటు ఉండాలన్న దాని మీద వచ్చింది. పాప ఫ్యాన్ వైపు పెట్టాలంటుంది, బావ టీపాయ్ వైపు పెడితే ఎవరూ చూడకుండా దూరొచ్చంటాడు, బాబుకి రెండు వైపులా కావాలి. చాలాసేపు అరుచుకున్నారు. ఆఖరికి తేలిందేంటంటే ముందు తలుపు ఫ్యాన్ వైపు, వెనకాల దొంగ దారి టీపాయ్ వైపు, ఆ దొంగ దారికి కాపలా బాబు. ఒకళ్ళ మాట ఒకళ్ళు వినడం, ఎందుకు కావాలో కారణం చెప్పడం, కొంచెం వదులుకోవడం, ఇవన్నీ ఆ ఒక్క తలుపు దగ్గర జరిగాయి. ఇంకోటి గమనించాను, కట్టేటప్పుడు వాళ్ళు మాట్లాడే తెలుగు బాగుంటుంది. మామూలుగా ఇంగ్లీష్ మీడియం పిల్లలు ముక్కలు ముక్కలుగా మాట్లాడతారు కదా. ఇక్కడ "ఆ కొస గట్టిగా పట్టుకో, నేను ఈ పక్క బిగించేదాకా వదలకు" అని పూర్తి వాక్యాలు వస్తాయి, ఎందుకంటే సరిగ్గా చెప్పకపోతే కప్పు కూలుతుంది.

లోపల కూర్చున్నాక వాళ్ళకొచ్చే ఆ సొంతదారు ధీమా నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపిస్తుంది. నన్ను కూడా "తట్టి రా అమ్మా" అంటుంది మా పాప. తడతాను. డేవిడ్ సోబెల్ అనే అమెరికా విద్యావేత్త ఇంగ్లాండ్‌లోని డెవాన్‌లో, కరీబియన్ దీవి కారియకూలో పిల్లల చేత తమ ఊరి పటాలు గీయించి, వాళ్ళ వెంట తిరిగి చూశాడు. రెండు చోట్లా పిల్లలు తమకంటూ రహస్యంగా గుడిసెలు, గూళ్ళు కట్టుకుంటున్నారు. అంత దూరంలో, అంత తేడా ఉన్న బతుకుల్లో కూడా అదే పని. మన ఊళ్ళలో గడ్డివాములో దూరిన పిల్లలు కూడా అదే చేశారు. పెద్దవాళ్ళ ఇంట్లో ప్రతి మూలా పెద్దవాళ్ళదే, టూ బెడ్రూమ్ ఫ్లాట్‌లో అయితే మరీను. మంచం కింద, డైనింగ్ టేబుల్ కింద దూరే పిల్లాడు వెతుక్కుంటోంది తనదంటూ ఒక చోటు. కోపమొచ్చినప్పుడు, స్కూల్లో ఏదో జరిగి మనసు బాగోలేనప్పుడు మా పాప ఇప్పుడు నేరుగా అందులోకి వెళ్ళి కూర్చుంటుంది, కాసేపటికి తనే బయటికొచ్చి చెప్తుంది. ఆ కాసేపు నేను పిలవను.

అందుకే ఈ రివ్యూలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే, రాత్రికి దాన్ని కూల్చొద్దు. చాలా ఇళ్ళలో కిట్ మూలపడటానికి కారణం పిల్లలకి బోర్ కొట్టడం కాదు, సాయంత్రం ఆరయ్యేసరికి "ఇక తీసేయండి, ఎవరైనా వస్తారు" అనడం. రేపు మళ్ళీ మొదటినుంచి కట్టాలంటే వాళ్ళకి ఓపిక ఉండదు. నిలబడి ఉంటే మర్నాడు దాని మీద ఇంకోటి కలుపుతారు, ఒరిగింది సరిచేస్తారు, వంటిల్లు కడతారు, అటక వేస్తారు. ఆట రోజురోజుకీ పెరిగేది అప్పుడే. చిన్న ఇల్లయితే ఒక మూల చూసి ఇవ్వండి, బట్టల స్టాండ్ బాల్కనీలోకి జరపండి, సోఫా గోడకి నెట్టండి. మా హాల్లో టీవీ ఎదురుగా ఉన్న చోటే ఇచ్చాం, దానివల్ల టీవీకి అడ్డం కూడా వచ్చింది. చుట్టాలొస్తే ఏమనుకుంటారని మా ఆయనకి కాస్త టెన్షన్ ఉండేది, వచ్చినవాళ్ళ పిల్లలు చెప్పులు విప్పగానే అందులోకే దూరారు, పెద్దవాళ్ళు నిశ్చింతగా కాఫీ తాగారు.

వేరే రకాలతో పోలిక. రెడీమేడ్ టెంట్ హౌస్ అని అమ్ముతారు, యువరాణి కోట బొమ్మో ఏనుగు బొమ్మో వేసి ఉంటుంది, విప్పితే నిమిషంలో నిలబడుతుంది. మూడు నాలుగేళ్ళ వాళ్ళకి అది బాగుంటుంది, దూరి దాక్కోవడానికి. కానీ అందులో కట్టడం లేదు, మార్చడం లేదు, పైగా చాలావరకు పాలిస్టర్ గుడ్డ కాబట్టి మన ఎండల్లో లోపల ఉడికిపోతారు. చెక్క కర్రల తిపీ టెంట్ (కర్రలన్నీ పైన ఒకచోట కలిసే శంకు ఆకారం గుడారం) చూడటానికి ముచ్చటగా ఉంటుంది, ఫొటోలకి బాగుంటుంది, ఆటకి అది కూడా అలాంటిదే. ఇంకో మార్గం పీవీసీ పైపులు. ప్లంబింగ్ షాపులో సన్న పైపు తీసుకుని కావలసిన కొలతల్లో కోయించుకుంటే చాలా గట్టిగా ఉంటుంది, పొడవులు మన ఇష్టం కాబట్టి ఏటవాలు కర్రలు కూడా పెట్టుకోవచ్చు. ఎల్బోలు (వంపు ముక్కలు), టీలు (T ఆకారం ముక్కలు) ఎక్కడైనా దొరుకుతాయి, మూడు వైపులకీ తిరిగే మూల ముక్కలు మాత్రం మామూలు షాపుల్లో అరుదు, ఆన్‌లైన్‌లో వెతకాలి. గమ్ వేయొద్దు, వేస్తే విప్పలేరు. కోసిన అంచులు గరుకు కాగితంతో రుద్దాలి. పెద్ద పిల్లలకి, డాబా మీద కట్టుకునేవాళ్ళకి నేను దీన్నే కిట్ కన్నా ముందు చెప్తాను.

ఏమీ కొనకుండా కట్టేది ఎలాగూ ఉంది. రెండు కుర్చీలు వీపులు ఎదురెదురుగా పెట్టి మధ్యలో చీర, క్లిప్పులు, కింద చాప. ప్లాస్టిక్ కుర్చీలు తేలిక కాబట్టి చీర లాగితే ముందుకి పడతాయి, కుర్చీలో ఒక దిండూ బియ్యం సంచీ పెడితే కదలవు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ వచ్చిన అట్టపెట్టె అడిగితే ఎలక్ట్రానిక్స్ షాపువాళ్ళు ఇస్తారు, దానికి కిటికీ మనం కోసివ్వాలి, మిగతాది వాళ్ళు చూసుకుంటారు. 1943లో డెన్మార్క్‌లో, జర్మన్ల ఆక్రమణ నడుస్తున్న రోజుల్లో, కోపెన్‌హాగన్ పక్కన ఎమ్‌డ్రప్ అనే చోట సరిగ్గా ఇలాంటి పనికిరాని సామానుతోనే ఒక ఆటస్థలం తెరిచారు. సోరెన్సెన్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ ఆలోచన అది. తాను పద్ధతిగా కట్టించిన పార్కుల్లో కన్నా ఇళ్ళు కట్టే చోట పడున్న చెక్కలూ ఇటుకలతో పిల్లలు ఎక్కువ ఆడుతున్నారని ఆయన గమనించాడు. అక్కడినుంచి ఆ పద్ధతి ఇంగ్లాండ్‌కీ, తర్వాత జపాన్‌కీ వెళ్ళింది. మన కాలనీ పార్కుల్లో సిమెంటు ఏనుగు, జారుడుబల్ల, గడ్డి మీద నడవరాదు అన్న బోర్డు తప్ప ఇంకేం ఉండవు. ఒక మూల నాలుగు వెదురు బొంగులు, కాస్త తాడు, పాత ఫ్లెక్సీలు పెట్టి, చూసుకోవడానికి ఒక మనిషిని కూర్చోబెడితే ఎంత బాగుంటుందో. వినాయక చవితికి పిల్లలు చందాలు పోగుచేసి సందు చివర సొంతంగా చిన్న పందిరి వేసుకుంటారు చూడండి, నాలుగు కర్రలూ రెండు చీరలతో, ఆ నైపుణ్యం వాళ్ళ దగ్గర ఇప్పటికీ ఉంది. ఏడాదికి ఒక్కసారే బయటికొస్తోంది.

ఎండ తగ్గాక డాబా మీదకి తీసుకెళ్ళండి. ఇంట్లో ఎంత ఆడినా కళ్ళకి బయటి వెలుతురు వేరు, ఆరుబయట ఎక్కువసేపు గడిపే పిల్లల్లో దూరంలో ఉన్నవి మసకగా కనపడే సమస్య (మయోపియా) మొదలవడం తక్కువని డాక్టర్లు చెప్తున్నారు. గాలికి ఈ కిట్ గొట్టాలు ఎగిరిపోతాయి, అక్కడ బొంగులూ పైపులే నయం, పిట్టగోడ పక్కన మాత్రం కట్టనివ్వొద్దు, కట్టినదాని మీద ఎక్కి తొంగిచూస్తారు.

జాగ్రత్తలు ఇంకొన్ని. తాడు కట్టినప్పుడు ఉచ్చులా వేలాడే ముడి ఒక్కటి కూడా మిగలకూడదు, పిల్లల మెడ ఎత్తులో తాడు అడ్డంగా ఉండకూడదు, ఆట అయ్యాక వదులుగా ఉన్న తాళ్ళు విప్పి పైన పెట్టేయాలి. చున్నీలు కిటికీ గ్రిల్‌కి కట్టి ఊయలలా వేలాడతారు, అది వద్దని ముందే చెప్పండి. చీర కొస నిలబడటానికి బీరువా మీద బరువు పెడదామని చూస్తారు, మిక్సీయో, ఇస్త్రీ పెట్టెయో జారి నెత్తిన పడుతుంది, పుస్తకాలు కూడా వద్దు, క్లిప్పులే వాడమనండి. లోపల దీపం, అగరొత్తి, దోమల కాయిల్, ప్లగ్గు లైటు ఏదీ ఉండకూడదు, టార్చ్ ఒక్కటే. టేబుల్ ఫ్యాన్ బయటే, చీర అంచు దాని దగ్గరికి రాకుండా. మూడేళ్ళలోపు వాళ్ళున్న ఇంట్లో గొట్టాలతో కత్తియుద్ధం మొదలైతే వెంటనే ఆపేయాలి, కళ్ళ ఎత్తులోనే ఉంటాయవి.

ధర ఊరికీ షాపుకీ మారుతుంది, ముక్కల సంఖ్య బట్టి కూడా. చిన్న పెట్టె తీసుకోవద్దు, ముగ్గురు పిల్లలు దూరేంత ఇల్లు దాంతో రాదు, సగం కట్టాక గొట్టాలు అయిపోతాయి. అదే డబ్బుతో రెండు ఇళ్ళవాళ్ళు చెరో పెట్టె ఒకే రకం కొనుక్కుని కలిపి ఆడిస్తే బాగా గిట్టుబాటు, మా పక్క ఫ్లాట్ వాళ్ళతో మేం అలాగే చేస్తున్నాం. వేరే బ్రాండ్లు కలవ్వు, రంధ్రం కొలత వెంట్రుకవాసి తేడా ఉన్నా గొట్టం దిగదు, లేదా జారిపోతుంది, కాబట్టి ఇద్దరూ ఒకేచోట కొనండి. కొత్తగా కొనేవాళ్ళు పెట్టెతోపాటు ఓ పురికొస ఉండ, పాతిక క్లిప్పులు, ఒక టార్చ్ కూడా అదే రోజు తెచ్చుకోండి. సంచి చిరిగిపోతుంది, దాన్ని నమ్ముకోకుండా మూత ఉన్న పెద్ద బకెట్‌లో వేసి పిల్లలకి అందేచోట పెట్టండి, అటక మీద పెడితే ప్రతిసారీ మనల్ని దించమని అడగాలి, అడిగేలోపు ట్యాబ్ చేతికొస్తుంది.

ఐదుకి నాలుగు స్టార్లు. ఏటవాలు గొట్టాలు ఇచ్చిన రోజున ఐదూ ఇస్తాను.